గేటు రిజిస్టర్‌లో వేలిముద్ర

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా కొత్వాల్‌గూడలో ఏ ఆడమనిషికైనా దయ్యం పట్టిందంటే, ముందు ఇంట్లో ఆమెను ఎవరు కొట్టారో అడిగేదాన్ని. ఇది చదివి మీరూ నమ్మనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోదాములో ఊడ్చే పని నాది. నలభై ఎనిమిదేళ్లప్పుడు మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి గేటు రిజిస్టర్‌లో సంతకమే. ఈ గొడవ వచ్చేనాటికి నా బొటనవేలికి సిరా అంటక రెండేళ్లు దాటింది.

ఒకరోజు జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాను. మర్నాడు పోలీసులు వచ్చారు. గోదాములో సెల్‌ఫోన్ల పెట్టె పోయిందట. కెమెరా వీడియోలో అచ్చం నాలాంటి ఆమె, మేం పనిలో వేసుకునే నీలం కోటు వేసుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని, పట్టపగలు పెట్టెతో గేటు దాటుతోంది. పోతూ పోతూ రిజిస్టర్‌లో నా పేరు పక్కన వేలిముద్ర వేసింది.

"సదువు నేర్సినవ్ గని బొటనేలు మర్వలేదా అమ్మా?" అని సూపర్‌వైజర్ అందరి ముందు నవ్వాడు.

ఆ రోజు ఇంటివాళ్లందరూ బయటికి పోయారు, నేను ఇంట్లో ఉన్నానని చెప్పడానికి సాక్షి లేదు. నేరం రుజువైతే జైలే. సూపర్‌వైజర్ మీద అనుమానం, ఆ వారమే చేరిన వాచ్‌మన్ మీద అనుమానం. నా పాత కాగితాల్లో వేలిముద్రే ఉంది. అది చూసి, నేను ఇంకా ముద్రే వేస్తాననుకుని, ఎవరికో నా వేషం వేయించారనుకున్నాను. లేదంటే వీడియోనే అతికించి ఉంటారు.

మా వకీలమ్మ కూడా గోదామువాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన నకలును నమ్మలేదు. కెమెరా రికార్డయ్యే డబ్బానే ల్యాబుకు పంపమని కోర్టును అడిగింది.

"వీడియోకు గూడ వేలిముద్ర ఉంటదక్కా. హ్యాష్ అని పెద్ద నంబరు. ఒక్క బొమ్మ మార్చినా అది మారిపోతది" అంది.

రిపోర్టు వచ్చింది. అసలుకూ నకలుకూ నంబరు కలిసింది. అసలు రికార్డులో కోత లేదు, అతుకు లేదు, టైము కూడా సరిగ్గానే ఉంది.

కానీ రిజిస్టర్‌లోని వేలిముద్ర నాది కాదని తేలింది. గోదాములో ఎవరిదీ కాదు.

వకీలమ్మ వీడియోను మెల్లగా నడిపి చూపించింది. "జర మంచిగ చూడక్కా. ఎవరో గుర్తుపడ్తవా?"

ఆమె ముద్ర వేసింది. సిరా వేలిని ఎడమ చెవి వెనక జుట్టుకు రెండుసార్లు రాసింది. అది అందరూ చేసేదే. తర్వాత ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

అట్లా వాసన చూసే మనిషి నాకు తెలిసి ఒక్కతే. రేషన్ దుకాణంలో ముద్ర వేసిన ప్రతిసారీ మా అమ్మ. ఆమె పోయి పదకొండేళ్లు.

"తెల్వదు మేడం" అన్నాను. గుర్తుపట్టలేదని రాసిన కాగితం మీద నా చేత్తో సంతకం పెట్టాను. కేసు కొట్టేశారు. పెట్టె ఇప్పటికీ దొరకలేదు.

అమ్మ వేలిముద్ర ఉన్న పాత కాగితం ఒకటి మా ట్రంకుపెట్టెలో ఉంది. పోల్చి చూడమని ఎవరికీ ఇవ్వలేదు. కలిస్తే ఏమనుకోవాలో నాకు తెలియదు. కలవకపోతే, అమ్మ అట్లా వాసన చూసేదని మా ఇంటివాళ్లకు తప్ప ఎవరికి తెలుసు?