సముద్రం పక్కన ఉందంటున్న నా ఇల్లు చూసి వచ్చాను

ఈ పేజీ మా వీధిలో ఉండే విజయ టీచరుది. ఎక్కడికైనా వెళ్లొస్తే ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ తినాలి అని పదిమందికీ పనికొచ్చేలా రాస్తుంటుంది. ఈసారి ప్రయాణం నాది. నా పేరు అప్పలనరసమ్మ. నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. రాసిందంతా నాకు చదివి వినిపించాకే బయట పెట్టమన్నాను. వినకుండా ఒక కాగితం మీద వేలిముద్ర వేసినందుకే ఈ తిరుగుడంతా తిరగాల్సి వచ్చింది.

మాది నెల్లిమర్లకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. మా వైపు గోగు వేసేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు గానీ మేం ఇంకా వేస్తున్నాం. కోసిన మోపుల్ని బందలో ముంచి రెండు మూడు వారాలు నానబెడతాం. చిన్న చెరువునే మేం బంద అంటాం. నానిన తర్వాత నడుం లోతు నీళ్లలో నిలబడి నార ఒలిచి, కడిగి, ఆరేస్తాం. డెబ్బై దాటినా నేనింకా ఒలుస్తాను. ఆ రోజుల్లో బంద కంపు ఊరంతా ఉంటుంది. మాకు అలవాటే. కిందటేడు దసరా వెళ్లాక నేను నార కడుగుతుంటే కెమెరాలు పట్టుకుని నలుగురు వచ్చారు. టీవీ వాళ్లమని చెప్పారు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. "ఇక్కడ ఉండటం ఎలా ఉందమ్మా?" అని ఒక అమ్మాయి అడిగింది. ఉన్నమాటే చెప్పాను. "బాగుంటాది. నాలుగు తరాల నుంచి ఇక్కడే ఉన్నాం. ఈ నీళ్లొగ్గేసి నానెక్కడికీ ఎల్లను" అన్నాను. ఒక చీర ఇచ్చారు, కాగితం మీద వేలిముద్ర తీసుకున్నారు. చీర ముట్టినట్టు రాసుకుంటున్నారనుకున్నాను.

ఏడాది గడిచింది. మొన్న కార్తీకంలో మా చెల్లెలి కొడుకు సింహాచలం మస్కట్ నుంచి ఫోను చేశాడు. అక్కడ వెల్డింగు పని చేస్తాడు.

"పెద్దమ్మా, సముద్రం కాడికి ఎప్పుడెలిపోనావు? మాకొక మాటైనా సెప్పలేదు."

"ఏ సముద్రంరా? ఎండదెబ్బ కొట్టిందేటి నీకు?"

"వార్తల్లో సూశాను, పూసపాటిరేగ అవతలంట. ఎనకాల సముద్రం, ముందర నువ్వు. ఇక్కడ మా గదిలో ఇద్దరు నీ పక్కన స్థలం కొనడానికి బయానా కట్టేశారు. మీ పెద్దమ్మ అంతలా సెప్తంటే మోసం ఉండదులే అన్నారు. మిగతాది ఆదివారం కట్టాల."

వాళ్లెవరో నాకు తెలియదు. నా మొహం చూసి కడుతున్నారు. "వాళ్లని ఆగమను. నాను ఎల్లి సూసొచ్చి సెప్తాను" అన్నాను. ఫోను పెట్టేశాక ఆలోచించాను, ఏం చూసొస్తానని అన్నానా అని. నా ఇల్లు నా ఎదురుగానే ఉంది కదా.

శుక్రవారం విజయ సెలవు పెట్టి తోడొచ్చింది. ఉదయం ఆరున్నరకు ఆటోలో నెల్లిమర్ల చేరాం, మనిషికి ఇరవై రూపాయలు. అక్కడ ఏడుంపావుకు విజయనగరం వెళ్లే పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్లకు డబ్బులు అడగరు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. ఎనిమిదికి ముందే ఆర్టీసీ కాంప్లెక్సులో దిగాం. ఎనిమిదీ ఇరవైకి పూసపాటిరేగ బస్సు. తొమ్మిదిన్నరకల్లా అక్కడున్నాం. కుడిచేతి వైపు కూర్చోకండి, ఎండ మొహం మీదే కొడుతుంది.

బస్సు దిగినచోట ఒక తల్లి బండి మీద ఇడ్లీ, బొంబాయి చట్నీ పెడుతోంది. నన్ను చూసి గరిటె చేతిలోనే పట్టుకుని ఇవతలికి వచ్చింది.

"ఓలమ్మో! బోర్డు మీద మామ్మవి కదూ? బోర్డులో తెల్లగున్నావు, ఇలగ నల్లబడిపోనావేటి?"

"నల్లగానే పుట్టాను. ఏ బోర్డు?"

"ఎల్లి సూడు. తాటిసెట్టంత ఉన్నావు."

ఇడ్లీ బాగుంది. రెండు ప్లేట్లూ డెబ్బై. ఐదువందల నోటిస్తే ఆమె నవ్వింది. "సముద్రం కాడ ఇల్లున్నదానివి, సిల్లరుండదులే" అంది. విజయ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అక్కడి నుంచి బస్సులు లేవు. ఆటో మాట్లాడుకోవాలి. పోనూ రానూ, అక్కడ ఒక గంట ఆగడానికి, మూడువందలు అన్నాడు, రెండువందల యాభైకి ఒప్పుకున్నాడు. దారిలో చెప్పాడు: "ఎవులొచ్చినా ఏసీ వేనులోనే తెస్తారు మామ్మా. నేరుగా విశాఖపట్నం నుంచి తెచ్చి, నేరుగా తీసుకుపోతారు. నా ఆటోలో అక్కడికెల్తన్నది నువ్వే మొదలు."

"సముద్రం ఎంత దూరం?"

"ఆ సరుగుడు తోట దాటాల, గెడ్డ దాటాల, మళ్లీ రెండు కిలోమీటర్లు. వానాకాలంలో గెడ్డ దాటనీదు." గెడ్డంటే మా వైపు వాగు.

ఆటో దిగితే పెద్ద తోరణం, వరసగా జెండాలు, తెల్ల సున్నంతో గీసిన గళ్లు. ఇల్లు ఒక్కటీ లేదు. తోరణం పక్కన నేనున్నాను. నిజంగానే తాటిచెట్టంత. చేతులు నావే, ముడతలతో సహా. కానీ చేతుల్లో ఉండాల్సిన నార లేదు. నార తీసేసి కొబ్బరిబోండం పెట్టారు. బంద తీసేసి సముద్రం పెట్టారు. కింద ఏం రాశారని అడిగితే విజయ చదివింది: "ఈ నీళ్లు వదిలి నేనెక్కడికీ వెళ్లను." నా మాటే. తలెత్తి నా మొహాన్ని నేనే చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ పెద్దామె నన్ను గుర్తుపట్టనట్టు నా నెత్తి మీదుగా ఎటో చూస్తోంది.

ఆఫీసు గదిలోంచి మేనేజరు పరుగున వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్థుడు. కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు. నేను పోట్లాడదామని వచ్చాను. మజ్జిగ చేతికిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"నాను ఇక్కడ ఉన్నట్టు ఎందుకు సూపెడతన్నావు బాబూ?"

"బాగుంటుందని మీరే అన్నారు కదా మామ్మగారూ. మేం ఒక్క మాట కూడా మార్చలేదు."

నిజమే, మార్చలేదు. అక్కడే నాకు తల తిరిగింది. మాట నాది, గొంతు నాది, మొహం నాది. ఇక్కడికి రావడం మాత్రం ఇదే మొదటిసారి. దొంగతనం అంటే ఏదో ఒకటి పోవాలి. నా దగ్గర ఏం పోయిందో చెప్పమంటే నేను చెప్పలేను.

"వార్తల్లో వచ్చిందంట గదా?"

"అది వార్త కాదండీ, స్పాన్సర్డ్ ప్రోగ్రామ్. బయటి దేశాల్లో ఉన్నవాళ్ల కోసం వేస్తాం. కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది."

"పెద్దచ్చరాలే సదవలేను. సిన్నయ్యి ఎవులి కోసం ఏశావు?"

అతను నవ్వి, ఫోనులో ఒక కాగితం చూపించాడు. కింద నా వేలిముద్ర. విజయ చదివింది. నా బొమ్మ, నా గొంతు వాళ్లకిష్టమైన చోట, ఇష్టమైనట్టు వాడుకోవచ్చని ఉంది. వేలు నాదే.

పదకొండింటికి వేను వచ్చింది. ఆరుగురు దిగారు. నన్ను చూడగానే ఫోనులెత్తి ఫోటోలు తీశారు. "ఇది నా ఊరు కాదు బాబూ" అని నేనంటుంటే అది కూడా వీడియో తీసుకున్నారు. అందులో ఒకామె, యాభై ఐదేళ్లుంటాయేమో, పొట్టి జుట్టు, మెడలో పూల గుడ్డ, వచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టింది.

"నా పేరు సుశీల, ఆయమ్మా. మలేసియా నుంచి వచ్చినాను. నాను పుట్టింది అక్కడే."

ఆ మాట తీరుకు నేను ఆశ్చర్యపోయాను. మా ఊళ్లో కూడా ఇప్పుడు పిల్లలు "నాను" అనడం మానేశారు. ఆమె తాతల కాలంలో గజపతినగరం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వెళ్లారట. ఆస్పత్రిలో నర్సుగా చేసి ఈమధ్యే మానేసిందట. పెళ్లి చేసుకోలేదు.

"మా నాయినమ్మ అచ్చం నీలాగే మాటాడేది. టీవీలో నీ మాట విని ఏడిసినాను. నీ ఇంటి పక్కదే కావాలని అడిగినాను. మూడింటికి విజయనగరంలో సంతకం. పొద్దున లేచి నీ మాట వింటే సాలు నాకు."

"నా ఇల్లు ఇక్కడ లేదు తల్లీ" అన్నాను.

ఆమె మేనేజరు వైపు చూసింది. అతను తడబడలేదు. "మామ్మగారు తమాషా మనిషండీ. ఇల్లు ఆ తోట వెనకాల ఉంది. రిపేరు జరుగుతోంది. అందుకే కూతురింట్లో ఉంటున్నారు" అన్నాడు.

నాకు కూతురు లేదు, ఇద్దరూ కొడుకులే. అయినా నిజం చెబుతున్నాను, అంత నమ్మకంగా చెప్పేసరికి ఒక్క క్షణం నేను కూడా ఆ తోట వైపు చూశాను. చూసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. లేచి చెయ్యి చాపాను.

"అయితే తాళం ఇయ్యి బాబూ."

"ఏ తాళం మామ్మగారూ?"

"నా ఇంటి తాళం. పొద్దున్నుంచి తిరిగి నడుం పట్టేసింది. ఎల్లి కాసేపు పడుకుంటాను."

"అది... మేస్త్రీ దగ్గరుందండీ."

"మేస్త్రీని పిలు. నాకు సెప్పకుండా నా ఇల్లెందుకు ఇప్పాడో అడుగుతాను."

మేనేజరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని అవతలికి నడిచాడు. మళ్లీ రాలేదు. సుశీల మొదట పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, ఎవరినీ అడక్కుండా తోటలోకి నడిచింది. మేమూ వెనక వెళ్లాం. సరుగుడు చెట్లు, నాలుగు మేకలు, పగిలిన సిమెంటు నూతి ఒర ఒకటి. ఇంకేం లేవు. చెట్ల చివర దాకా వెళ్లి చాలాసేపు అటు తిరిగే నిలబడింది.

"నీ ఇల్లు నిజంగా ఎక్కడుంది?"

"రెండు బస్సులెక్కాల."

"నాను రావచ్చా?"

ఆటోవాడు ముగ్గురికీ అదే డబ్బు తీసుకున్నాడు. బస్సులో కండక్టరు సుశీలను ఆధార్ అడిగాడు. లేదంది. పాస్‌పోర్టు చూపించింది. "మాట సూత్తే మన ఎనకవీధి మాట, కార్డు లేదంటావేటమ్మా?" అని టికెట్టు కొట్టాడు. అప్పుడు నాకు అనిపించింది, బస్సెక్కడానికే ఏ దేశం దానివని అడుగుతున్నారు, భూమి అమ్మేవాళ్లు అడగలేదా అని. విజయ ఫోనులో వెతికి చదివింది. వేరే దేశం పౌరులు ఇక్కడ పంట భూమి కొనకూడదట. అది ఇళ్లస్థలంగా మారిందో ఇంకా పంట భూమిగానే ఉందో సుశీలకు ఎవరూ చెప్పలేదు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒళ్లో ఫోను మోగుతూనే ఉంది.

ఒకటిన్నరకు విజయనగరంలో దిగాం. సంతకం పెట్టే ఆఫీసుకు వెళ్లాలంటే కావలసినంత టైముంది. వెళ్లమనీ వద్దనీ నేను చెప్పలేదు. ఒకసారి నా మాట విని విమానం దిగింది, మళ్లీ నా మాట మీద బస్సెక్కకూడదు. నెల్లిమర్ల బస్సు వచ్చింది. ఆమే ముందు ఎక్కింది.

ఊరు ఇంకా అర కిలోమీటరు ఉండగానే ఆమె పూల గుడ్డ ముక్కుకు చుట్టుకుంది. బంద దగ్గర నార తీస్తున్న ఆడవాళ్లు చూసి, "ఏటే అప్పలనరసమ్మా, మళ్లీ టీవీ వోలా?" అని అరిచారు. గట్టు మీద నిలబడి సుశీల అడిగింది, "ఇవేనా ఆ నీళ్లు?"

"ఇవే."

నల్లగా, నురగతో ఉన్నాయి. ఫోనులో ఆ టీవీ వీడియో పెట్టి చూసింది, నీళ్ల వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత గుడ్డ విప్పేసింది. నా ఇంట్లో అన్నం తిని, గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. అప్పటికి మూడున్నర. ఐదింటికి విజయ ఆమెను బస్సెక్కించింది. కట్టిన బయానా తిరిగొస్తుందో రాదో తెలియదు. రేపు మళ్లీ పిలిస్తే సంతకం పెడుతుందో లేదో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

సింహాచలానికి ఫోను చేయించాను. "పెద్దమ్మ అక్కడ లేదని మీవోలకి సెప్పు" అన్నాను.

"మరి టీవీలో ఉన్నావు గదా?"

"టీవీలో ఉన్నాను. అక్కడ లేను."

"నాకేటీ బోధపడలేదు పెద్దమ్మా" అన్నాడు. నాకూ పడలేదురా అన్నాను. మర్నాడు వాడే చేశాడు. ఇద్దరిలో ఒకడు ఆగిపోయాడట. రెండోవాడు మాత్రం, "వార్తల్లో చూపించారు కదా, మీ పెద్దమ్మ ముసలిదైపోయింది, మర్చిపోయి ఉంటుంది" అన్నాడట.

అందుకే ఇదంతా చెప్పి రాయిస్తున్నాను. డెబ్బై ఏళ్లు ఒకే ఊళ్లో ఉన్నాను. ఎక్కడున్నావని ఎవరూ నన్ను సాక్ష్యం అడగలేదు. ఇప్పుడు నేను లేని చోట ఉన్నానంటే నమ్ముతున్నారు, ఉన్న చోట ఉన్నానంటే వయసైపోయిందంటున్నారు. బోర్డు ఇంకా అక్కడే ఉంది. ఆదివారం ఆదివారం నేనింకా టీవీలో మాట్లాడుతూనే ఉన్నానట. ఆ వేలిముద్రను వెనక్కి ఎలా తీసుకోవాలో నాకు తెలియదు. తెలిసినవాళ్లుంటే విజయకు చెప్పండి.

ఏ దేశంలో ఉండి ఇక్కడ స్థలం కొనబోతున్నా సరే, ఒక్క పని చేయండి. వీడియోలో మాట్లాడిన మనిషి ఇంటికి, వాళ్ల వేనులో కాకుండా మామూలు బస్సులో మీరే వెళ్లి, గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడగండి. నా ఇంటికైతే నెల్లిమర్లలో దిగి, ఆటో మాట్లాడుకుని, గోగు నానబెట్టే బంద అని చెప్పండి. దసరా వెళ్లాక వస్తే దారి అడగక్కర్లేదు. కంపు తగిలిందంటే సరిగ్గానే వస్తున్నారు.