ఫోన్ లోపల, టైలర్ బయట

మంచిర్యాల బజారులో సద్దుల బతుకమ్మ పొద్దున, సగం వాడ ఆడవాళ్ల ముందు, ఒక మగమనిషి పరువు ఎంత వేగంగా పోగలదో చెబుతాను. పరువు నాదే కాబట్టి నా మాట నమ్మొచ్చు.

నేను లేడీస్ టైలర్ని. చొప్పదండి నుంచి వచ్చి ఇక్కడ దుకాణం పెట్టుకున్నాను, పైగదిలో ఒక్కణ్ణే ఉంటాను. ఊళ్లో ఎందరి పెళ్లిళ్లకు జాకెట్లు కుట్టానో లెక్కలేదు గానీ, నా పెళ్లికి మాత్రం ఎవరూ కొలతలు తియ్యలేదు. కస్టమర్లు పోయాక మిషన్ ఆగితే దుకాణంలో మాట్లాడేది రేడియో ఒక్కటే. అందులో "శ్రోతలకు నమస్కారం" అంటే నేనూ తిరిగి నమస్కారం పెట్టేవాణ్ణి. నవ్వకండి, మీరు ఒక్కరే ఉండి చూడండి.

మా బజారులో ఒక పద్ధతి ఉంది. ప్రతి దుకాణం రెండో తాళంచెవి పక్క దుకాణం మేకుకు వేలాడుతుంది. నాది చాయ్ హోటల్ యాకూబ్ భాయ్ దగ్గర ఉండేది. తాళంచెవులు పోగొట్టడంలో నన్ను మించినవాడు లేడు కాబట్టి మాటిమాటికీ ఆయన దగ్గరికి పోయేవాణ్ణి. చెవితో పాటు ఒక చాయ్, నాలుగు తిట్లు దొరికేవి.

ఒకరోజు కరీంనగర్ నుంచి ఒకతను వచ్చి, ఫోన్‌తో తెరుచుకునే తాళం చూపించాడు. "పెద్ద ఆఫీసులకే కాదన్నా, ఇప్పుడు చిన్న దుకాణాలకు గూడ అగ్గువకే వచ్చింది. చెవి లేదు, చెవి పోవుడు లేదు" అన్నాడు. వెంటనే పాత తాళం పీకించి నా అద్దం తలుపుకు అది బిగించుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? యాకూబ్ భాయ్ దగ్గరికి పోయి కాలరెగరేశాను.

"భాయ్, ఇగ నా చెవి నాకిచ్చెయ్యి. నాకు ఎవ్వలతోటి పనిలేదు."

ఆయన మేకు మీది చెవి తీసి నా చేతిలో పెట్టాడు. "మంచిదే మల్లేశ్" అన్నాడు, అంతే. ఆ రోజుతో చాయ్ బంద్, తిట్లూ బంద్. తిట్లు లేకపోతే కూడా మనిషికి దిగులేస్తుందని నాకప్పుడే తెలిసింది. కానీ ఒప్పుకుంటానా?

ఇక పండుగ పొద్దున. జాకెట్లన్నీ కుట్టి వరసగా వేలాడదీశాను. ఫోన్ మిషన్ పక్కన చార్జింగ్‌కు పెట్టి, గుమ్మం ముందు నీళ్లు చల్లుదామని బకెట్ పట్టుకుని బయటికొచ్చాను. వెనక తలుపు తనంతట తానే మూసుకుని టిక్కుమంది.

మొదట వచ్చింది సుజాతక్క. మా వాడలో ఆమె గొంతు రైలు కూతకంటే ముందు వినబడుతుంది.

"ఏం మల్లేశన్నా, బకెట్ పట్టుకొని నిలబడ్డవ్? నా జాకెట్ ఇయ్యి."

"తలుపు పడ్డదక్కా."

"పడితె తెరువు!"

"ఫోన్‌తోటి తెరవాలె."

"తియ్యి మరి ఫోన్!"

"లోపలున్నది."

"లోపలికి పోయి తెచ్చుకో!"

నేను తలుపు వైపు చూశాను. ఆమె కూడా చూసింది. "ఓర్నీ, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లోకే పోలేక రచ్చలో నిలబడ్డాను. చూస్తుండగానే గుమ్మం ముందు జాతరైంది. ఇంకా రానివాళ్లు జాకెట్ల కోసం ఫోన్ చేస్తున్నారు. అది లోపల మోగుతోంది, మేమందరం అద్దంలోంచి చూస్తున్నాం. యాకూబ్ భాయ్ కూడా వచ్చి నిలబడ్డాడు గానీ నాతో మాట్లాడలేదు.

సుజాతక్క తలుపు మీదున్న కంపెనీ నంబర్‌కు తన ఫోన్ నుంచి కలిపి స్పీకర్ పెట్టింది. ఒక అమ్మాయి పలికింది. నా పేరూ, నా ఫోన్ నంబరూ చెప్పాను.

"మీరిచ్చిన రెండో నంబర్‌కు కోడ్ పంపుతాను సార్."

"వద్దమ్మా. ఆ సిమ్ము గూడ గదే ఫోన్ల ఉన్నది."

"అది ఇంట్లోవాళ్లది ఇవ్వాలి కదా సార్?"

నేను బకెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"సరే సార్. తాళం పెట్టినప్పుడు ఒక ప్రశ్నకు జవాబు రాశారు. అది చెబితే ఇక్కణ్ణుంచి తెరుస్తాను. మూడుసార్లే అవకాశం. మీ దగ్గరి స్నేహితుడి పేరేంటి?"

ఆ జవాబు నాకు బాగా గుర్తుంది. అందుకే అబద్ధం మొదలుపెట్టాను.

"రాజేశం."

"తప్పు సార్."

"దోస్తు పేరు గూడ మర్సిపోతరా ఎవలన్న?" అంది సుజాతక్క.

"శ్రీనివాస్."

"తప్పు సార్. ఇంకొక్కసారే. తప్పితే రేపటిదాకా తెరుచుకోదు."

రేపు ఎవరికి కావాలి జాకెట్? బతుకమ్మ ఆడేది ఈ సాయంత్రమే కదా! చిన్నపిల్లలాంటి ఒక కొత్త పెళ్లికూతురు ఏడుపు ముఖం పెట్టింది. "అన్నా, నీ కాళ్లు మొక్కుత, జర యాది చేసుకో. పెండ్లైనంక నాకు మొదటి బతుకమ్మ."

బకెట్ కింద పెట్టాను. ఫోన్‌కు నోరు ఆనించి మెల్లగా అన్నాను.

"ఎవ్వలు లేరు."

"గట్టిగా చెప్పండి సార్."

"ఎవ్వలు లేరమ్మా! గట్లనే రాసిన!"

"కరెక్ట్ సార్!" అంది ఆ అమ్మాయి సంబరంగా.

తలుపు తెరుచుకుంది. అప్పటిదాకా అద్దం నూకినవాళ్లలో ఒక్కరూ కదలలేదు. సుజాతక్క నోరు ఆగడం నేను చూడటం అదే మొదలు. తలుపు బదులు భూమి తెరుచుకుంటే బాగుండుననిపించింది.

యాకూబ్ భాయే అరిచాడు. "ఎవ్వలు లేరా? మరి నేనెవణ్ణిరా? గిన్నేండ్ల సంది నీకు చాయ్ పోసినోడు దయ్యమా?"

నాకు ఏడుపొచ్చింది. జాకెట్లు తెచ్చే నెపంతో లోపలికి ఉరికాను.

సాయంత్రం వాడంతా గోదావరి వైపు పోయింది, నా జాకెట్లన్నీ పాటలకు పోయాయి. ఖాళీ హ్యాంగర్ల కింద ఒక్కణ్ణే కూర్చుని, చాలాసేపు ఆలోచించి, ఆ జవాబు చెరిపేసి యాకూబ్ అని రాశాను. మర్నాడు ఆయనకు చెప్పాను. సంతోషం పట్టలేక ఆయన, చాయ్‌కి వచ్చిన ప్రతివాడికీ, "మల్లేశ్ తాళానికి జవాబు నా పేరే" అని చెప్పాడు. ఇప్పుడు మంచిర్యాలలో నా దుకాణం తెరవలేనివాడు లేడు.

అందుకని కుట్టుమిషన్ మీద చెయ్యేసి, సూదీ దారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మనుషులకైతే చెబుతాను గానీ, ప్రాణం పోయినా సరే, ఇంకెప్పుడూ తాళానికి మాత్రం నిజం చెప్పను.