శనివారపు వాసన

మానుకోట శివారులో మా కాలనీకి నలభై ఇళ్లు. అందరి మురుగునీటినీ శుభ్రం చేసే చిన్న ప్లాంటును మా ప్రహరీ పక్కనే కట్టారు. ట్యాంకులో మురుగును తినే సూక్ష్మజీవులు, వాటికి గాలి అందించే బ్లోయరు, ఆపైన వడపోత. బయటికొచ్చే నీళ్లు తాగడానికి తప్ప అన్నిటికీ పనికొస్తాయని చెప్పి వెళ్లారు. నేను నమ్మలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి ప్రారంభోత్సవాలు చాలా చూశాను. కొబ్బరికాయ కొట్టిన మరుసటి నెలకే మోటార్లు మూలనపడేవి.

ప్లాంటును చూసుకోవడానికి బయ్యారం వైపు తండా నుంచి ఒకామె రోజూ వచ్చేది. భర్త లేడు. ఆ జీతం మీదే ఇద్దరు ఆడపిల్లల చదువు నడుస్తోంది. ఆమె మీదా నాకు నమ్మకం లేదు. రోజూ పొద్దున ఆరింటికి ప్లాంటు కుళాయి నుంచి సీసాలో నీళ్లు పట్టి, వెలుగుకు ఎత్తి చూసి, రంగూ వాసనా డైరీలో ఇంటి పనుల పక్కనే రాసేవాణ్ణి.

రెండు నెలలకు ఒక సంగతి తేలింది. శనివారం వచ్చిందంటే నీళ్లు మసకబారి కుళ్లు వాసన వస్తున్నాయి. మంగళవారానికి మళ్లీ తేటపడుతున్నాయి. శుక్రవారం వాళ్ల ఊరివైపు వారపు అంగడి. ఆమె ముందే బ్లోయరు ఆపేసి బస్సెక్కుతోందని అనుకున్నాను. ఒక శుక్రవారం సాయంత్రం గోడ దగ్గర నిలబడి విన్నాను. బ్లోయరు మోగుతూనే ఉంది. నేను వింటున్నానని తెలిసే ఆపలేదనుకున్నాను. కాలనీ సంఘం అధ్యక్షుడికి తేదీలతో సహా ఫిర్యాదు రాసిచ్చాను. ఆదివారం లోపల ఆమెను తీసేస్తామన్నాడు.

మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. ఏం రాశానో చదివి వినిపించమంది. శనివారాలన్నీ వరసగా చదివాను.

"గవి ఇన్న సారు. వాటి ముందటి పేజీలు సదువుండ్రి."

శుక్రవారం పేజీ తీశాను. పొద్దున లక్ష్మీపూజ. ఇల్లు కడిగించాను. ప్లాంటు మీద నమ్మకం లేదు కాబట్టి ముందుజాగ్రత్తగా మా వాకిట్లోని మురుగు చాంబరులో రెండు కిలోల బ్లీచింగు పొడి కలిపి పోశాను. అంతకు ముందు శుక్రవారమూ అదే. ఆ ముందుదీ అదే. నా రాతే.

ఆమె డైరీ వైపు వేలు చూపింది.

"వారమంత నేను ఆ పురుగులను సాదుకుంట. మీరేమో శుక్కురారం దేవునికి మొక్కి, వాటిని సంపుతున్నరు."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎవరో మందు పోస్తున్నారని సంఘంవాళ్లకు మూడుసార్లు చెప్పిందట. పని ఎగ్గొట్టడానికి సాకులంటూ కసిరారట.

ఆ పూటే డైరీ పట్టుకుని అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి, ఫిర్యాదు వెనక్కి ఇమ్మన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"నిన్న ఆమె పనిదొంగ అంటిరి. ఇయ్యాల తప్పు నాదే అంటున్నరు. ఇందుల మతలబేంది సారు?"

పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి, సిరా రంగు పోల్చి చూశాడు, శుక్రవారం మాటలు తర్వాత ఇరికించానేమోనని. నాకు ఒళ్లు మండింది. కానీ నోరెత్తే మొహం లేదు. చివరికి బ్లీచింగు లేకుండా ఒక నెల చూద్దాం, అప్పటిదాకా ఆమెను ఉండనిద్దాం అన్నాడు.

తర్వాతి శుక్రవారం ఆమె పొద్దున్నే వచ్చి మా చాంబరు మూతకు గొలుసు చుట్టి తాళం వేసింది. నేను అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. రెండుసార్లు లాగి చూసుకుని, తాళంచెవి కొంగున ముడేసుకుని బ్లోయరు దగ్గరికి వెళ్లింది.