అత్తగారి పులిహోర గుజ్జు

బ్రెడ్ మీద రాసుకునే నల్లటి ఈస్ట్ స్ప్రెడ్ ఒకటుంది. ఉప్పగా, కాస్త చేదుగా ఉంటుంది. నాకు ప్రాణం. మా ఆవిడ సునీత దాని సీసా కనబడితేనే ముక్కు మూసుకుంటుంది. అందుకని మా అత్తగారు ఇండియా నుంచి పంపిన పులిహోర గుజ్జు అయిపోగానే, ఆ సీసా కడిగి, స్ప్రెడ్ అందులో నింపి ఫ్రిజ్‌లో వెనక్కి దాచుకున్నాను.

ఈ రోజు చర్చ్‌లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందు. నేను స్నానానికి వెళ్ళొచ్చేలోపు సునీత ఆ సీసా మొత్తం అన్నంలో కలిపేసింది. పులుపు చాల్లేదని నిమ్మకాయ పిండిందట. ఇంగువ తాలింపులో అసలు వాసన మునిగిపోయింది.

మొదటి ముద్దకే నాకు అర్థమైపోయింది. చుట్టూ చూశాను. సగం మంది మర్యాదగా ప్లేట్‌లో ఓ పక్కకి తోసేశారు. మిగతా సగం రెండోసారి లైన్‌లో నిలబడ్డారు. వాళ్ళలో పాస్టర్ గారి భార్య ఒకరు.

"సునీతా, ఇంత రుచి ఎలా వచ్చిందమ్మా?" అన్నారావిడ.

"మా అమ్మ చేతి గుజ్జు ఆంటీ," అంది మా ఆవిడ.

నేను ఇంకో రెండు గరిటెలు వడ్డించుకున్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ వాళ్ళమ్మకి ఫోన్ చేసి, అచ్చం అలాంటిదే మళ్ళీ పంపమంది. ఆంటీకి కూడా ఒక సీసా కావాలట. ఇప్పుడు నిజం చెప్పేయమంటారా, పార్సిల్ రాగానే సీసాల్లో సరుకు మార్చేయమంటారా?