కొత్త పెట్టకముందు తిన్న పులిహోర

రొమ్ములో గడ్డ ఉంది, తీసెయ్యాలి, ఆలస్యం చెయ్యకు అని విశాఖలో డాక్టరు చెప్పి పంపిస్తే, నా నేస్తం బస్సెక్కి కొండ మీద ఇంటికి పోయింది. మళ్లీ దిగలేదు. ఎప్పుడు ఫోను చేసినా "వస్తానే" అనేది. చలికాలంలో మొదలుపెట్టిన మాట, ఎండలు ముదిరినా అదే మాట. ఫోనులో తిడితే మధ్యలో సిగ్నల్ పోతోంది, ఎదురుగా కూర్చుని తిడదామని నేనే బయల్దేరాను.

కాలేజీ రోజుల్లో మాది హాస్టల్లో ఒకటే గది. నాకు నోరెక్కువ, దానికి మొండితనం ఎక్కువ. చదువయ్యాక నేను స్టీలు ప్లాంటు ఉద్యోగిని పెళ్లి చేసుకుని కూర్మన్నపాలెంలో పడ్డాను. అది పాడేరు దాటి లోపలికి, సొంత ఊరికి పోయి టీచరైంది, అక్కడే పెళ్లి చేసుకుంది. కొండల్లో గాలి మంచిది, నీళ్లు మంచివి, అదృష్టవంతురాలు అని మా వీధిలో ఆడవాళ్లంటారు. గాలీ నీళ్లూ తాగితే రోగాలు పోయేటట్టయితే, పోయిన వానాకాలం దాని మొగుడు మామూలు జ్వరానికి ఎందుకు చచ్చిపోయాడో చెప్పమనండి. వాగు పొంగింది, జీపు రాలేదు. అంతే.

బయల్దేరే ముందు మామిడికాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. హాస్టలుకి మా అమ్మ అదే పంపేది, సగం పైన నా నేస్తమే లాగించేది.

జీపు దిగి గట్టెక్కేసరికి నాకు ఊపిరాడలేదు. పెంకుటింటి వాకిట్లో చాప మీద ఇప్పపువ్వు ఎండుతోంది. వాళ్లత్త వాకిలి తుడుస్తోంది. నన్ను చూసి ఇది అరుగు మీంచి లేవబోయి, ఓ చేత్తో స్తంభం పట్టుకుంది. జాకెట్టు భుజాల దగ్గర జారిపోతోంది. ఎడమ పక్కని పమిట అదే పనిగా సర్దుకుంటోంది. నేను ఇంటి నుంచి కూడగట్టుకొచ్చిన తిట్లన్నీ ఒక్క క్షణం మర్చిపోయాను. ఒక్క క్షణమే.

ఎందుకు రాలేదంటే "కొత్త అయిపోనీ" అంది. కొత్తంటే వాళ్ల పండగ. అక్కడ మామిడి కాపు మొదలయ్యాక ఊరి పెద్దలు ఒక రోజు చెప్తారు. ఆ రోజు కొత్త కాయ ముందుగా పోయినవాళ్లకి పెడతారు, తర్వాతే బతికున్నవాళ్లు నోట పెట్టాలి. మొగుడు పోయిన ఏడు కాబట్టి ఆయనకి ఇదే తన చేత్తో పెట్టాలట. పెద్దలు ఒక రోజన్నారు, ఈలోగా ఊళ్లో ఎవరో పోయారు, మైల వచ్చింది, వాయిదా. ఇంకో రోజన్నారు, మళ్లీ ఏదో అడ్డం. ఇంటి చుట్టూ చెట్లు కాయలతో వంగిపోయి ఉన్నాయి, ఒక్కరూ ముట్టుకోవడం లేదు. దీని గడ్డకి మాత్రం ఏ మైలా లేదు, అది పెరుగుతోంది.

పోయినాయన ఏడాది ఆగినా ఆయనకేం కాదన్నాను. నీకవుతుందన్నాను. బోటనీ చదివి ఇదేం తెలివన్నాను.

"నువ్వు సందనం పండగనాడు సింహాచలంలో మిట్ట మధ్యాన్నం లైన్లో నిలబడవేటి? అదేటి తెలివి?" అంది.

"గడ్డ పెట్టుకుని నిలబడనే."

దాని మీద ఇద్దరం చాలాసేపు కొట్టుకున్నాం. ఆకలేసింది. నోరు ఆపకుండానే డబ్బా తీసి ప్లేట్లలో పెట్టాను. ఉగాది నుంచీ మా ఇంట్లో పప్పులో మామిడి, పచ్చడిలో మామిడి. అది వంటింటి సరుకే తప్ప మొక్కుకునే వస్తువని నాకు తట్టనే లేదు. అప్పటిదాకా కొత్త గురించే వాదించినదాన్ని, నా చేతిలో ఏముందో చూసుకోలేదు.

అది మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. నా మొహంలోకి చూసింది. నమిలింది. ఇంకో ముద్ద తింది. ప్లేటంతా ఖాళీ చేసి వేళ్లు నాకింది.

అత్తకి వాసన తగిలినట్టుంది, చీపురు పట్టుకునే వచ్చి ఏటది అనడిగింది.

"మామిడికాయ పులిహోరత్తా. దానికి తెలీదు, పెట్టీసింది. నానూ తెలీక తినీసినాను" అంది ఇది.

ముసలామె అరుగంచున కూర్చుండిపోయింది. "సదువుకున్నదానివి, అడగవా తల్లీ," అంది నన్ను. "ఇంక నా కొడుక్కెవులెడతారు?"

నేనేదో చెప్పబోయాను. ఇది నా కాలు తొక్కింది. అప్పుడర్థమైంది. మూడేళ్లు మా అమ్మ పులిహోర తిన్న మనిషికి మొదటి ముద్దలో మామిడి తెలీలేదా? తెలిసే తింది. తినేశాక దాని చెయ్యి పనికిరాదు, కాబట్టి ఇక ఆగక్కర్లేదు. తప్పు మాత్రం తెచ్చి నా నెత్తిన పెట్టింది.

ఊరి పెద్ద వచ్చి అంతా విన్నాడు. ఈ ఏడు దీని తోడికోడలు పెట్టాలని, ఇది ఆ చోట నిలబడకూడదని తేల్చాడు. ఇది తలూపి లోపలికి పోయి చీరలు సంచిలో కుక్కుకుంది. మేం గట్టు దిగుతుంటే అత్త వాకిట్లోకి రాలేదు.

జీపులో ఉండబట్టలేక "తెలిసే తిన్నావు కదే" అన్నాను.

"అడక్కే. అడిగితే సెప్పాలి," అంది. పాడేరు దాకా కళ్లు మూసుకునే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు స్కాను చూసి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని అడిగాడు. నన్నే అడిగాడు. ఇది గోడకేసి చూస్తూ కూర్చుంది. కోశారు. చంకలోకి పాకిందన్నారు. ఇప్పుడు మందులెక్కిస్తున్నారు. మా ఇంట్లో వెనక గదిలో ఉంటోంది. జుట్టు పోయింది, నోరంతా పూసింది. కిటికీ తీస్తే ప్లాంటు మసి, మూస్తే ఉక్క. తియ్యాలా ముయ్యాలా అని ఇప్పటికీ కొట్టుకుంటాం, కాకపోతే అది తొందరగా ఒప్పేసుకుంటోంది. అదే నాకు భయం.

ఊళ్లో కొత్త అయిపోయిందని తోడికోడలు ఫోను చేసింది. అన్నీ సవ్యంగా పెట్టామంది. ఫోను అత్తకిమ్మంటే, రానంటోందని చెప్పింది.

ఆ సాయంత్రం గంజి పట్టుకెళ్లేసరికి మంచం మీద కూర్చునుంది.

"ఆవిడ పెడితే ఆయన తిన్నాడంటావా?"

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని దానికి హాస్టల్ నాటి నుంచీ తెలుసు. "తిన్నాడు" అన్నాను.

"నువ్వు సూసినావేటి?"

"నన్ను తిట్టుకుంటూ తిన్నాడు. ఆ ముద్ద నేనే కదా చెడగొట్టింది. ముందు నువ్వు ఇది తాగు."

నవ్వబోయింది, పెదవి పగిలి ఆగిపోయింది. రెండు గుక్కలు తాగి గ్లాసు నా చేతికిచ్చేసి, అటు తిరిగి పడుకుంది.