లాడం పీకే చదువు

పలమనేరు చుట్టుపక్కల ఎద్దులకూ, చిత్తూరు దాకా పెళ్ళిగుర్రాలకూ లాడాలు కొట్టి బతికేవాణ్ణి నేను. ఆ పనిలో కోర్సు చదివి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాను. చదివినవాణ్ణి మళ్ళీ చదివిస్తే తప్ప దేశం బాగుపడదని ఎవరికో తోచినట్టుంది. తిరుపతిలో ఒక ఏసీ హోటల్లో మాకు నైపుణ్యాలు పెంచే శిక్షణ పెట్టారు.

నేను పోయింది మాత్రం ఒక తెల్లగుర్రం కోసం. దాని ముందుకాళ్ళ గిట్టలు చీలి, లోపల వాచిపోయాయి. మేకు దిగిన ప్రతిసారీ వణికేది. నొప్పి లేకుండా ఎట్లా కొట్టాలో నాకు తెలియలేదు. దాన్ని ముహూర్తాలకు తిప్పితేనే దాని యజమాని ఇల్లు గడిచేది.

"ఆడేదో కొత్త రకం లాడం సెప్తారంట, నేర్సుకోని రాప్పా" అని ఆయన బస్టాండు దాకా వచ్చి సాగనంపాడు.

పొద్దున దీపం వెలిగించి, శాలువాలు ఒకరికొకరు కప్పుకున్నారు. లాడం కొట్టేవాడు చిరునవ్వుతో ఎట్లా పలకరించాలో ఒకాయన గంటసేపు చెప్పాడు. పలకరించాల్సింది యజమానినా, గుర్రాన్నా అని అడిగితే, ప్రశ్నలు చివర్లో అన్నాడు. తర్వాత ప్రాక్టికల్. నిండు ముహూర్తాల్లో శిక్షణ పెట్టిన మహానుభావులకు ఒక్క గుర్రమూ ఖాళీగా దొరకలేదు, ఎద్దును తోలుకొచ్చారు. అలవాటు కొద్దీ మేం తాళ్ళు వేసి, కార్లు ఆపే చోటే దాన్ని పడదోసి, నాలుగు కాళ్ళూ కట్టేశాం. గుర్రం గిట్ట ఒకటే ముక్క, ఎద్దుది రెండు చీలికలు. "ఒక చీలికను గుర్రం గిట్ట అనుకోండి" అన్నారు. అనుకున్నాం. ఎద్దు ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

టీ దగ్గర, పాఠం చెప్పడానికొచ్చిన పశువుల డాక్టరమ్మకు ఫోన్లో ఆ గిట్టల ఫొటోలు చూపించాను. ఆవిడ మాత్రం కప్పు పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఏ లాడమూ వద్దు. ఉన్నవి పీకేసి మెత్తటి ఇసుకలో నిలబెట్టండి. కొత్త గిట్ట పెరిగేదాకా తారు రోడ్డు ఎక్కించకండి."

"ముహూర్తాలన్నీ పోతాయి కదమ్మా?"

"పోతాయి. ఎక్కిస్తే గుర్రమే పోతుంది."

అంత హంగామాలో నాకు దక్కిన చదువు ఇదొక్కటే. ఊరికొచ్చి యజమానికి అదే చెప్పాను.

"కొట్టేది నేర్సుకోని రమ్మంటే పీకేది నేర్సుకోనొస్తివా?" అన్నాడు. ఈ ఒక్కసారికి మాట వినన్నా అని బతిమాలాను. "గుర్రాన్ని ఇసకలో నిలబెడితే నా పిల్లోళ్ళను యాడ నిలబెట్టల్లప్పా?" అన్నాడు. ఆయన వేరేవాణ్ణి పిలిపించి లాడాలు కొట్టించుకున్నాడు.

ఆ వారమే ఒక సాయంత్రం చిత్తూరులో పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. పెళ్ళికొడుకు కింద ఆ తెల్లగుర్రమే. కాలు నేలకు ఆనించలేక ఒకటి మార్చి ఒకటి ఎత్తుతోంది. పక్కనున్న ఒకామె చంకలోని బిడ్డను పైకెత్తి, "సూడు నాయనా, గుర్రం యెంత బాగా డాన్సాడతా ఉండాదో" అనింది. బ్యాండువాళ్ళు జోరు పెంచారు.