మొదటి పీరియడ్

కాదు, ఎన్ని చప్పట్ల బొమ్మలు పెట్టినా నేను ఒప్పుకోను. మా పాత బడి వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచి ఒకటే వాదన. ఎవరో ఎనిమిదో తరగతి ఫొటో పెట్టి, "ఎంత మంచి రోజులు! మన బడిల కులం అన్న ముచ్చటే ఇనలే" అని రాశాడు. కింద వరసగా దండాలు, గుండెలు, పువ్వులు. వినలేదన్నది నిజమే. ఆ మాట ఎవరూ అనేవారు కాదు, అనకుండానే పని జరిగిపోయేది. ఇదే నేను రాస్తే "నీకెప్పుడూ లొల్లేనే" అని జవాబు వచ్చింది. బొటనవేలు నొప్పి పుట్టేదాకా టైపు చేసి, చెరిపేసి, ఫోను మంచం మీదకు విసిరి, మళ్లీ తీసుకుని ఇక్కడ రాస్తున్నాను. గ్రూపులో కొంచెం పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, బిల్డింగులకు రంగులేసే మా బాపు పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అమ్మ దవాఖానలో ఆయన దగ్గరే ఉండాల్సి వచ్చింది. పుట్టి పెరిగింది హైదరాబాద్ అయినా ఆ ఏడాది నన్ను కల్వకుర్తి అవతల మా అవ్వ ఊరికి పంపారు. పెద్దమ్మ కూతురు, నాకు అక్క, అప్పటికే అవ్వ దగ్గర ఉండి అక్కడి సర్కారు బడిలో పదో తరగతి చదువుతోంది. ఆ ఫొటోలోని బడి అదే, నన్ను అందులోనే ఎనిమిదిలో చేర్చారు. సిగ్నల్ కోసం అవ్వ వాళ్ల గోడెక్కి నిలబడడం, పచ్చి పల్లికాయ తిని కడుపునొప్పి తెచ్చుకోవడం, అక్క చేసిన జొన్నరొట్టె పొయ్యి మీద నుంచే లాక్కోవడం, ఇవన్నీ నాకూ మంచి రోజులే. కాదనను.

బడిలో మొదటి రోజు లెక్కల సారు నన్ను నిలబెట్టి, "ఏ బజారు బిడ్డా మీది?" అని అడిగారు. కొత్త పిల్లలను ఆయన అడిగే ప్రశ్న అదొక్కటే. నాకేం తెలుసు, "హైదరాబాద్ సార్" అన్నాను. ఆయన నవ్వి, నా బూట్లు చూసి, ముందు బెంచీలో కూర్చోబెట్టారు. స్టాఫ్‌రూముకు మంచినీళ్ల జగ్గు తెచ్చే పని కూడా నాకే ఇచ్చారు. ఆ జగ్గు పట్టుకుని వరండాలో నడుస్తుంటే బడి మొత్తం నాదే అనిపించేది.

బడికి ఊడ్చే మనిషి లేదు, పిల్లలే చేసుకోవాలి. అందరికీ పని ఉండేది, అందుకే ఎవరూ తప్పు పట్టలేదు. ముందు బెంచీల వాళ్లు సాయంత్రం ఆటల పీరియడ్‌లో మొక్కలకు నీళ్లు పోసేవారు. వెనక బెంచీల వాళ్లు పొద్దున ప్రార్థన అయ్యాక, హాజరు వేయించుకుని, వరండా ఊడ్చి, మూత్రశాలలు కడిగేవారు. అంటే మొదటి పీరియడ్‌లో. పొద్దున బుర్ర చురుగ్గా ఉంటుందని పదో తరగతికి మొదటి పీరియడ్ ఎప్పుడూ లెక్కలే పెట్టేవారు. ఇక ఎవరు ఏ బెంచీలో కూర్చోవాలన్నది "ఏ బజారు" అన్న ప్రశ్నతోనే తేలిపోయేది. మా అవ్వ వాళ్లది మాదిగ వాడ. అక్క చివరి బెంచీ.

ఒకరోజు మధ్యాహ్నం అవ్వ ఫోను చేతిలో పట్టుకుని బడికి పరుగెత్తుకొచ్చింది. బాపు ఆపరేషన్ బాగా జరిగిందని అమ్మ చేసిన ఫోను అది. మెట్లు ఎక్కకుండా కిందనే నిలబడి నా పేరు పెట్టి అరిచింది. లెక్కల సారు బయటికి వచ్చి, "గీ పిల్ల నీకేమైతదే?" అన్నారు.

"నా చిన్నబిడ్డ బిడ్డ సారూ. పట్నంల సదివింది, మస్తు తెలివి గల్లది," అంది అవ్వ గర్వంగా.

తెల్లారి జగ్గు ఇంకో అమ్మాయి చేతిలో ఉంది. నేను నా చోటికి పోతుంటే సారు మెత్తగా, "ఎత్తున్నవ్ బిడ్డా, ఎనకోళ్లకు బోర్డు అవుపడ్తలేదు. జర ఎనకకు కూసో," అన్నారు. ఆ తరగతిలో అందరికన్నా పొట్టి నేనే. ఎవరూ నవ్వలేదు.

అలా నేనూ చీపురు పట్టి అక్క పక్కన చేరాను. అప్పుడే కనిపెట్టాను, వరండా అంతా గబగబా ఊడ్చేసే అక్క పదో తరగతి కిటికీ కిందకు రాగానే నెమ్మదించేది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేది. లోపల సారు చెప్పేది చెవులు రిక్కించి వినేది. పదిలో లెక్కలు గట్టెక్కితే నర్సు చదువుకు పోవాలని ఆమె ఆశ. ఇంటికి వచ్చి రొట్టె కొడుతూ, "లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం" అని దరువులా అప్పజెప్పేది. ఒక సాయంత్రం అలా చెబుతూనే ఆగి, "కర్ణం అంటే ఏ గీతనే?" అని నన్ను అడిగింది.

బోర్డు చూడని మనిషికి అది ఎలా తెలుస్తుంది? పట్నం బడిలో నేర్చుకున్నది గుర్తు తెచ్చుకుని, తడివేలితో గచ్చు మీద గీసి చూపించాను. అక్క వంగి చూస్తూనే ఉంది, పెనం మీద రొట్టె మాడిపోయింది.

మర్నాడు నేను ఆగలేకపోయాను. అక్క నా చెయ్యి పట్టి వెనక్కి లాగుతున్నా వినకుండా సారు దగ్గరికి పోయి, "మేం కూడ సాయంత్రమే ఊడుస్తం సార్, అక్కకు లెక్కలు పోతున్నయి," అన్నాను.

"అయితే పొద్దంత దుమ్ములనే కూసోవాల్నా? మీ వాడ పిల్లలకు లెక్కలు ఎట్లాగూ ఎక్కయి బిడ్డా. ఎన్నేండ్ల సంది చూస్తున్న నేను. నాకు తెల్వదా?"

కోపంగా కూడా అనలేదు. జాలిగా అన్నారు. ఆ సాయంత్రమే అక్కకు తన సొంత గైడు కూడా ఇచ్చారు, మర్నాడు పొద్దున మళ్లీ చీపురూ ఇచ్చారు. చెడ్డమనిషైతే తిట్టుకుని మరిచిపోయేదాన్ని. ఆయన మంచివారు కాబట్టే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అక్క లెక్కల్లో తప్పింది. మళ్లీ రాసి మళ్లీ తప్పింది. బాపు కాలు బాగై నేను పట్నం వచ్చేశాను, డిగ్రీ చేశాను, ఉద్యోగం చేస్తున్నాను. అక్క జడ్చర్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతోంది. మొన్న దసరాకు ఊరు పోయినప్పుడు చూశాను, బడికి కొత్త రంగు, తరగతి గోడకు పాఠాలు చూపే పెద్ద తెర, గేటు దగ్గర కెమెరా. ఊడ్చేందుకు ఇప్పుడు ఒక మనిషి ఉంది. మా వాడ మనిషే.

ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కడదాం, లెక్కలు నేను చెప్తాను అని అక్కను బతిమాలాను. అక్క నవ్వింది. "ఇడిసిపెట్టవే. మనోళ్ల తలకాయలకు లెక్కలు ఎక్కయి," అంది. సారు మాట, సారు గొంతు, అక్క నోట్లోంచి. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు.

ఆ రోజులు బంగారం అనేవాళ్లు అనుకోండి. నేను అడిగేది ఒక్కటే. గదిలోకే రానివ్వని పిల్లకు లెక్కలు రాలేదని తేల్చారు కదా, ఆ పరీక్షలో తప్పింది మా అక్కే అని నా ముఖం చూసి చెప్పగలిగేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?